జర్మను భాషను చెవితో నేర్చుట

వ్యాకరణము చదివినంతమాత్రమున భాష చెవి కెక్కదని జర్మను నేర్చుకొనుచు మేము గ్రహించితిమి. మాకు తోడ్పడిన మెట్లు మూడు.

మొదటిది వార్తలు. డాయిచె వెల్లె యను ప్రసారసంస్థ అభ్యాసకులకై వార్తలను మెల్లగా చదివించి, వాని పాఠమును గూడ నిచ్చును. తొలుత పాఠము చూడక విని, పిమ్మట సరిచూచుకొనవలెను. ‘దస్’ (అని), ‘వైల్’ (ఏలయనగా) అను పదములతో మొదలగు ఉపవాక్యములలో క్రియ తుదిని వచ్చును. క్రియకై తుదివరకు వేచియుండుట తెలుగువారికి క్రొత్త గాదు.

రెండవది పాటలు. షూబర్టు (1797–1828) 600కు పైగా పాటలకు స్వరములు గూర్చెను. గానమున అచ్చులు సాగుటచే, పెదవులను ‘ఊ’ వలె ముడిచి ‘ఈ’ యని పలుకవలసిన ధ్వని చెవికి స్పష్టపడును.

మూడవది హాస్యము, ఇది యన్నిటికంటె కఠినము. లోరియో (1923–2011) రచించిన యొక ప్రహసనమున దంపతులు ఉడికిన గ్రుడ్డు గట్టిపడుటను గూర్చి వాదులాడుదురు. పదములన్నియు తెలిసియు మేము మొదట నవ్వలేకపోతిమి. ‘యా’, ‘డొఖ్’ అను చిన్న పదములు, మన ‘కదా’, ‘లే’ యనువానివలె, మాటకు భావచ్ఛాయ నిచ్చునని తెలిసిన పిమ్మటనే నవ్వు వచ్చినది.

విద్యార్థులారా! దినమునకు 10 నిమిషములైనను వినుడు. పరజనులతో గలిసి నవ్వగలిగిననాడే వారి భాష మనకు వచ్చినట్లు.