గీజరు స్విచ్చి ఎక్కడ ఉండాలి?

గీజరు స్నానాల గది లోపల ఉన్నా దాని స్విచ్చి తలుపు వెలుపలనే ఉండాలి. సౌకర్యం పేరిట లోపల పెట్టించుకొనేవారు లేకపోలేదు. అది ప్రాణంతో చెలగాటం. పొడిచర్మం విద్యుత్తును కొంతవరకు అడ్డుకొంటుంది. తడిసినప్పుడు ఆ నిరోధం బాగా తగ్గిపోతుంది. పైగా పాదాలు తడినేలపై ఆని ఉంటాయి. ఆవిరి చేరి చెమ్మగిల్లిన స్విచ్చిని ఆ స్థితిలో తాకితే, 230 వోల్టుల సరఫరా నుండి విద్యుత్తు దేహం గుండా నేలకు ప్రవహించవచ్చు.

ఫ్యూజు ఉన్నది కదా అని నిశ్చింతగా ఉండరాదు. తీగలు కాలిపోకుండా చూడటమే దాని పని. మనిషి ప్రాణం తీయడానికి ఆంపియరులో పదోవంతైనా చాలు. అంతటి స్వల్ప ప్రవాహానికి ఫ్యూజు చలించదు. కనుక ఎర్తు తీగతోపాటు, 30 మిల్లీఆంపియర్ల లీకేజీకే సరఫరాను ఆపే ఆర్.సి.సి.బి.ని కూడా అమర్చుకోవాలి.

వెలుపలి స్విచ్చి వేసి ఉన్నదో లేదో లోపలివారికి ఎట్లా తెలుస్తుందన్న సందేహానికి, గీజరుపై వెలిగే చిన్న దీపమే సమాధానం.