భయాన్ని పరీక్షించుదాం: బాణామతి మీద ధమ్మ పాఠం



ఉపాసక, ఉపాసికలారా! కల్హేర్, నారాయణఖేడ్ దిక్కు ఊర్లల్ల ఈ మాటలు మీరు విన్నవే: "చింతచెట్టు కింద గాలి సోకింది", "ఆ ముసలామె బాణామతి చేసింది". మనం త్రిశరణాలు తీసుకున్నాం. అయినా నడిరాత్రి పిల్లకు జ్వరమొచ్చి వణికితే, చెయ్యి తాయెత్తు దిక్కే పోతుంది. కారణం భయం. ఆ భయాన్ని ఏం చేయాలో భగవానుడే చేసి చూపించాడు.

మజ్ఝిమ నికాయంలో నాలుగవది భయభేరవ సుత్తం. బోధి పొందకముందు ఆయన చతుర్దశి, పూర్ణిమ, అష్టమి రాత్రుల్లో కావాలనే జనం భయపడే వనాలకు, చెట్ల గద్దెల దగ్గరకు పోయి ఉన్నాడు. చప్పుడైతే గుండె ఝల్లుమనేది. పారిపోలేదు. నడుస్తుండగా భయమేస్తే అది పోయేదాకా నడిచాడు, కూర్చున్నప్పుడేస్తే అది పోయేదాకా కూర్చున్నాడు. ఆ చప్పుళ్లు ఏమిటివి? జింక వచ్చింది. నెమలి పుల్ల విరిచింది. గాలికి ఆకులు కదిలినయి. 2500 ఏండ్ల కిందట జరిగిన దయ్యాల పరిశోధన ఇది!

మన జిల్లాలోనూ పరిశోధన జరిగింది. అప్పుడు కల్హేర్ మెదక్ జిల్లాలో ఉండె. బాణామతి భయం ఊర్లను పట్టి పీడిస్తుంటే, 1983లో విజయవాడ నాస్తిక కేంద్రం నుంచి డాక్టర్లు, మానసిక నిపుణుల బృందం వచ్చి ఊరూరా తిరిగింది. జనం బాణామతి అనుకున్నదాని వెనుక జబ్బు, మనసు బాధ, భయం ఉన్నయని చెప్పింది.

ఇంత చిన్న సంగతికి ఇంత పాఠమెందుకంటారా? దయ్యం ఎవర్నీ చంపలేదు, అనుమానం చంపింది. మంత్రం నోట రావద్దని పండ్లు ఊడగొట్టిన ఊర్లున్నయి. కొట్టి, కాల్చి చంపిన ఊర్లున్నయి. వేలు ఎక్కువగా ఎవరి దిక్కు చూపిస్తరు? దిక్కులేని ముసలామె దిక్కు, భర్త పోయిన ఆడమనిషి దిక్కు, పేద మనిషి దిక్కు. ఎక్కువసార్లు ఆ ఇల్లు మన వాడలోనే ఉంటది.

1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ ఇచ్చిన 22 ప్రతిజ్ఞల్లో ప్రాణులన్నిటి మీద కరుణ, అబద్ధమాడకపోవడం ఉన్నాయి. కండ్లతో చూడని నేరాన్ని ఒకరి మీద మోపితే ఆ రెండూ తప్పినట్లే.

ఆచరణ:

1. వణుకు, ఫిట్స్, పాముకాటు ఏదైనా ముందు 108కి ఫోన్ చేసి సర్కారు దవాఖానకు తీసుకపోండి.

2. మనసు బాగాలేకపోతే 14416 టెలీ మానస్‌కు ఫోన్ చేయండి. పైసా ఖర్చు లేదు.

3. ఎవరి మీదైనా నింద పడితే, ఆ రాత్రే నలుగురు కలిసి వాళ్లింటికి పోయి తోడుండండి. 112కు చెప్పండి.

విహారంలో చర్చించండి: మన వాడలో ఇప్పుడు ఎవరి పేరు గుసగుసల్లో నడుస్తున్నది? వాళ్లింట్లో మనం చివరిసారి ఎప్పుడు నీళ్లు తాగినం?

భవతు సబ్బ మంగళం.