పాత బ్రౌజరులోను పాల లెక్క కనబడవలెను

నేడు కొన్ని సంఘాలు సభ్యుల పాల లెక్కలను వెబ్‌సైటులో పెట్టుచున్నవి. కొత్త సెల్‌ఫోనులో చక్కగా తెరుచుకొనే పేజీ, సంఘం ఆఫీసులోని పాత కంప్యూటరులో తెల్లకాగితంవలె కనబడుటను తనిఖీలలో మేము చూచుచున్నాము. లెక్క కనబడని సభ్యుడు తన వెన్న శాతంలో తప్పు పడినా, బిల్లు చెల్లింపుకు ముందు అడుగలేడు.

కారణమేమి? పేజీని చూపే సాఫ్ట్‌వేరును బ్రౌజరు అంటారు. కొత్త పేజీలలో వాడే పద్ధతులు పాత బ్రౌజరుకు తెలియవు. జావాస్క్రిప్టులో ఒక్క కొత్త గుర్తు అర్థం కాకున్నా ఆ ఫైలంతటిని అది వదలివేయును. పేజీ అంతా ఆ ఫైలు మీదనే ఆధారపడితే ఏమియు కనబడదు.

బ్రౌజరు మార్చుకొమ్మని చెప్పుట సులభం. కాని విండోస్ 7 కంప్యూటరులో క్రోము 109వ వెర్షను దాటి రాదు. 2023 ఫిబ్రవరిలో వచ్చిన 110వ వెర్షను నుండి దానిని నిలిపివేసిరి. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరు 11కు మైక్రోసాఫ్ట్ 2022 జూన్ 15న మద్దతు ఆపినది. యంత్రం బాగున్నా బ్రౌజరు ముందుకు పోదు.

కనుక వెబ్‌సైటు తయారుచేయువారు ఈ క్రమం పాటించవలెను:

1. తేదీ, పూట, లీటర్లు, వెన్న శాతం, ఎస్.ఎన్.ఎఫ్., ధర, మొత్తం సాదా పట్టికగా సర్వరు నుండే రావలెను. పట్టిక పాత బ్రౌజర్లకును తెలిసినదే.

2. గ్రాఫులు, హంగులు తరువాత చేర్చవలెను. బ్రౌజరు పేరు చూచి నిర్ణయించరాదు. క్రోము కూడ తన పరిచయంలో మొదట 'మొజిల్లా' అనియే చెప్పుకొనును. కావలసిన సౌకర్యం ఉన్నదా అని పరీక్షించి, ఉన్నచోటనే వాడవలెను.

3. సర్వరు రికార్డులు చూచి, సంఘాలు ఏ బ్రౌజర్లు వాడుచున్నవో ముందే తెలుసుకొనవలెను.

పేజీ అన్నిచోట్ల ఒకే అందంతో ఉండనక్కరలేదు. అంకెలు మాత్రం ఒకటే కావలెను.

దీనికి ఒక హద్దు కలదు. మద్దతు ఆగిన బ్రౌజరుకు భద్రతా సవరణలు అందవు. అందులో బ్యాంకు ఖాతా మార్పులు, చెల్లింపులు చేయరాదు. మరీ పాత బ్రౌజర్లకు నేటి రహస్య సంకేత పద్ధతులు తెలియవు. వాటికొరకు సర్వరు భద్రతను సడలించరాదు. అట్టిచోట సభ్యునికి అచ్చు చీటీ ఇవ్వవలెను.

పాలకవర్గం వారికి మా సూచన: తుది వాయిదా చెల్లించుటకు ముందు, సంఘంలోని అతి పాత కంప్యూటరులో ఒక సభ్యుని లెక్క తెరిపించి చూడండి. ఈ షరతును ఒప్పందంలోనే వ్రాయించుకొనండి.