ఇథియోపియా: హాస్టల్ మాట వెనకున్న దేశం

"ఒక దేశం తెలుసుకుందాం" శీర్షికకి ఈసారి నా వంతు. నేను ఇథియోపియాని తీసుకున్నాను. కారణం మీకూ తెలుసు. మన హాస్టళ్లలో ఎవరైనా సన్నగా కనిపిస్తే చాలు, ఆ దేశం పేరు తగిలించేస్తారు. మెస్‌లో రెండోసారి అన్నం పెట్టించుకుంటే "ఏరా, ఇథియోపియా నుంచి వచ్చావా?" అంటారు. అలా అనేవాళ్లని మ్యాప్‌లో ఆ దేశం చూపించమంటే చాలామంది వేలు ఆఫ్రికా మీద గుండ్రంగా తిరుగుతుంది, అంతే. అందుకే ఈ పాఠం.

ముందు బేసిక్స్

ఆఫ్రికా ఖండానికి తూర్పున, కొమ్ములా పొడుచుకొచ్చిన చోట ఉంటుంది. చుట్టూ ఆరు దేశాలు: ఎరిట్రియా, జిబూటీ, సొమాలియా, కెన్యా, దక్షిణ సూడాన్, సూడాన్. విస్తీర్ణం సుమారు 11 లక్షల చదరపు కిలోమీటర్లు, అంటే మన ఆంధ్రప్రదేశ్‌కి దాదాపు ఏడింతలు. జనాభా 12 కోట్లు దాటింది. ఆఫ్రికాలో నైజీరియా తర్వాత ఎక్కువ జనం ఇక్కడే. రాజధాని అడిస్ అబాబా. ఆ పేరుకి అర్థం "కొత్త పువ్వు". అందరూ ఎడారి అనుకుంటారు గానీ, ఆ నగరం ఊటీ కంటే కూడా కాస్త ఎత్తులో ఉంటుంది. సాయంత్రమైతే స్వెట్టర్ కావాలి. ఆఫ్రికన్ యూనియన్ ప్రధాన కార్యాలయం అక్కడే.

సముద్రం లేకపోతే ఏమవుతుంది?

సముద్రతీరం లేని దేశాన్ని తెలుగు పుస్తకాల్లో "భూపరివేష్టిత దేశం" అంటారు. మొదట్నుంచీ ఇంగ్లీష్ మీడియం కాబట్టి ఈ మాట నాకు ఈ వ్యాసం రాస్తున్నప్పుడే పరిచయమైంది. ఆఫ్రికాలో ఇలాంటివి 16 ఉన్నాయి. వాటన్నిట్లో, ఆ మాటకొస్తే ప్రపంచం మొత్తంలో, జనాభాలో పెద్దది ఇథియోపియానే.

అయితే అది ఎప్పుడూ ఇలా లేదు. ఎర్ర సముద్రం ఒడ్డున మసావా, అసబ్ అనే రేవులు దాని చేతిలో ఉండేవి. ఆ తీరమంతా ఎరిట్రియా ప్రాంతంలోది. ముప్పై ఏళ్ల పోరాటం తర్వాత, 1993 మే 24న ఎరిట్రియా స్వతంత్ర దేశమైంది. ఆ రోజుతో ఇథియోపియాకి తీరం పోయింది. తర్వాత కూడా కొన్నాళ్లు అసబ్ రేవు వాడుకున్నారు. 1998లో రెండు దేశాలకీ యుద్ధం రావడంతో ఆ దారీ మూసుకుపోయింది. ఇప్పుడు ఎగుమతి దిగుమతుల్లో తొంభై శాతానికి పైగా పక్కనున్న చిన్న దేశం జిబూటీ మీదుగానే సాగుతాయి. అడిస్ అబాబా నుంచి జిబూటీకి సుమారు 750 కిలోమీటర్ల కరెంటు రైలు మార్గం వేసుకుని, 2018 నుంచి నడుపుతున్నారు. విచిత్రం ఏంటంటే, సముద్రం లేని ఈ దేశానికి సొంత సరుకు ఓడలు మాత్రం ఉన్నాయి!

ఇది మా ఊరి నుంచి చూస్తే బాగా అర్థమవుతుంది. మాది చింతలపూడి, మామిడి తోటల మెట్ట. కాస్త ముందుకెళ్తే తెలంగాణ సరిహద్దు, అటుపక్క సత్తుపల్లి. 2014 జూన్ 2న ఆ గీత పడ్డాక తెలంగాణ కూడా సముద్రం లేని రాష్ట్రమైంది. అంతెందుకు, 2022లో జిల్లాలు విడదీశాక మా ఏలూరు జిల్లాకీ తీరం లేదు. ఎవరైనా పట్టించుకున్నారా? లేదు. మా బంగినపల్లి లోడు ఎటు వెళ్లాలన్నా దేశం ఒకటే, రూపాయి ఒకటే, రేవు కూడా మన దేశానిదే. ఇథియోపియా కాఫీ గింజ ఓడ ఎక్కాలంటే ఇంకో దేశం గేటు తీయాలి, దానికి డాలర్లలో కట్టాలి. ఆ దేశంతో చెడితే గేటు మూతపడుతుంది. గీత ఒకేలా కనిపించినా, రాష్ట్రం గీతకీ దేశం గీతకీ ఉన్న తేడా ఇదే.

మరి ఆ కరువు సంగతి?

హాస్టల్ మాట పుట్టింది 1983-85 నాటి కరువు నుంచి. బక్కచిక్కిన పిల్లల్ని టీవీలో ప్రపంచమంతా చూసింది. లక్షల మంది చనిపోయారు. ఇక్కడ ఒక్క విషయం గమనించండి. అప్పటికి ఆ దేశానికి సముద్రం ఉంది, రేవులున్నాయి. వానలు పడకపోవడం ఒక కారణమైతే, లోపల అంతర్యుద్ధం, తిండిని కూడా ఆయుధంలా వాడిన సైనిక ప్రభుత్వం ఇంకో కారణం. కాబట్టి "సముద్రం లేదు, అందుకే కరువు" అని పరీక్షలో రాస్తే తప్పు.

మన సంగతీ చూద్దాం. 1832-33లో గుంటూరు సీమలో నందన కరువు వచ్చింది. సముద్రం పక్కనే ఉంది, కృష్ణ పారుతూనే ఉంది, అయినా జనం దారుల వెంట పడి చచ్చిపోయారు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక గానీ గోదావరి డెల్టా తేరుకోలేదు. ఇప్పుడు ఎవరైనా బక్కగా ఉన్నవాడిని "గుంటూరోడా" అని పిలిస్తే మనకెలా ఉంటుంది? ఒక ఊరి చావుని ఇంకొకరి ఒంటికి జోకుగా తగిలించడం బాలేదు కదా.

మనకీ వాళ్లకీ చుట్టరికం

అరకు కాఫీ అరబికా రకం. ఆ మొక్క పుట్టిల్లు ఇథియోపియా నైరుతి అడవులు. మనం "మన రాగి" అనుకునే ధాన్యం కూడా తూర్పు ఆఫ్రికా కొండల్లోంచి వచ్చిందే. వాళ్ల ముఖ్యమైన తిండి ఇంజెరా. టెఫ్ అనే సన్నటి గింజ పిండిని పులియబెట్టి, పెనం మీద ఒకవైపే కాల్చే పెద్ద అట్టు. అంటే మనకి దోసె ఎలాగో అలాగ.

నిజాం కొలువులో ఆఫ్రికా మూలాలున్న అశ్వికదళం ఉండేది. హైదరాబాద్‌లో ఏసీ గార్డ్స్ అనే పేట పేరు దానివల్లే వచ్చింది. విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఇథియోపియా విద్యార్థులు వస్తుంటారు, మన లెక్చరర్లు అక్కడి యూనివర్సిటీలకి వెళ్లారు. మా చిన్నమామయ్య అలా వెళ్లి మూడేళ్లు పాఠాలు చెప్పాడు. "రెండింటికి క్లాసు" అంటే మొదట మధ్యాహ్నం అనుకున్నాడట. అది పొద్దున్న ఎనిమిది! అక్కడ గంటలు తెల్లవారి ఆరు నుంచి లెక్కపెడతారు. మన పాత గడియల లెక్క కూడా సూర్యోదయం నుంచే కదా. వాళ్ల ఏడాదికి 13 నెలలు. పన్నెండు నెలలకి ముప్పయ్యేసి రోజులు, చివరిదానికి ఐదో ఆరో. కొత్త సంవత్సరం సెప్టెంబర్ 11న వస్తుంది, కొన్నేళ్లు 12న. 2025 సెప్టెంబర్‌లో వాళ్లకి మొదలైంది 2018.

సీఎస్ఈ వాళ్ల కోసం

అమ్హారిక్ భాష రాసే గీజ్ లిపికి మనలాగే గుణింతం ఉంది. 33 హల్లులు, ఒక్కోదానికి ఏడు రూపాలు, మొత్తం 231. మన గుణింతం ఇంకా పొడుగు, పైగా ఒత్తులు. వాళ్లకి ఒత్తుల్లేవు. తేడా యూనికోడ్‌లో కనిపిస్తుంది. మనకి హల్లు వేరు, గుణింతం గుర్తు వేరు. పైథాన్‌లో "కి" పొడవు అడిగితే 2 అంటుంది. "క్రి" అయితే 4. వాళ్ల "కి" మాత్రం ఒకే కోడ్. అందుకే తెలుగు బ్లాకుకి 128 గళ్లు సరిపోతే, వాళ్ల మొదటి బ్లాకుకే 384 కావాల్సి వచ్చింది.

ల్యాబ్‌లో ఖాళీ ఉన్నప్పుడు రెండు చిన్న పనులు చేయండి. ఒకటి, మన తేదీ ఇస్తే ఇథియోపియా తేదీ చెప్పే ఫంక్షన్ రాయండి, లీపు సంవత్సరం దగ్గర జాగ్రత్త. రెండు, మిగతా 15 భూపరివేష్టిత ఆఫ్రికా దేశాల్లో ఒకటి ఎంచుకుని, దాని సరుకు ఏ రేవు నుంచి ఓడ ఎక్కుతుందో కనుక్కోండి. వచ్చే సంచికకి అది మీ వ్యాసం.