మంచం పట్టిన పెద్దలకు శయ్యావ్రణాలు రాకుండా జాగ్రత్తలు

పక్షవాతం వల్లనో, తుంటి ఎముక విరగడం వల్లనో మంచం పట్టిన వృద్ధులను అసలు వ్యాధి కంటే మిన్నగా బాధించేది శయ్యావ్రణం. దీనినే పడకపుండు అంటారు. ఎముక దాకా గుంటపడిన పుండు మానడానికి నెలలు పడుతుంది. చీము విషం రక్తంలో కలిస్తే ప్రాణాపాయం. అయితే వీటిలో అధికభాగం నివారింపదగినవే. ఆసుపత్రులలో నర్సులు పాటించే పద్ధతులను గృహస్థులు కూడా అభ్యసించవచ్చు.

కారణం

ఎముకకూ పరుపుకూ నడుమ చర్మమాంసాలు నలిగినప్పుడు సూక్ష్మ రక్తనాళాలు మూసుకుపోతాయి. రక్తం అందని భాగం కొద్ది గంటలలోనే చెడనారంభిస్తుంది. వార్ధక్యంలో మాంసధాతువు క్షీణించడం వల్ల ఎముకలపై మెత్తదనం తగ్గుతుంది. తడి, రాపిడి తోడైతే అపాయం ఇనుమడిస్తుంది.

ఎవరికి ముప్పు?

బ్రిటన్‌కు చెందిన డోరీన్ నార్టన్ అనే నర్సు, సహచరులతో కలిసి వృద్ధరోగులను పరిశీలించి, 1962లో ఒక కొలమానాన్ని వెలువరించారు. దేహస్థితి, మానసిక స్థితి, నడవగల శక్తి, అవయవాలను కదల్చగల శక్తి, మలమూత్రాలపై అదుపు అనే అయిదింటికీ ఒకటి నుండి నాలుగు వరకు మార్కులు వేస్తారు. మొత్తం 20కి 14 లేక అంతకు తగ్గితే ముప్పు ఉన్నట్లే.

నిత్యకృత్యాలు

1. సాధారణంగా రెండు గంటలకొకసారి ఎడమ ప్రక్కకు, వెల్లకిలా, కుడి ప్రక్కకు మార్చాలి. వేళలు వ్రాసి గోడకు అంటించాలి. ఈ భారమంతా ఇంటి కోడలిపైనే మోపక, రాత్రివేళ అందరూ వంతులు వేసుకోవాలి.

2. ప్రక్కకు త్రిప్పినప్పుడు తుంటిపై పూర్తి బరువు పడకుండా, వీపు వెనుక దిండు పెట్టి కొద్దిగా ఏటవాలుగా ఉంచాలి. పిక్కల క్రింద దిండు పెడితే మడమలు పరుపుకు తాకవు.

3. ఈడ్చి జరపరాదు. అడ్డదుప్పటిని ఇరువురు పట్టి పైకెత్తి జరపాలి. దుప్పటిలో ముడతలు ఉండరాదు.

4. మలమూత్రాలైన వెంటనే గోరువెచ్చని నీటితో శుభ్రపరచి, మెత్తని గుడ్డతో అద్దాలి.

5. నడుము దిగువ, తుంట్లు, మడమలు, మోచేతులు, తల వెనుక భాగం ప్రతిదినం పరీక్షించాలి. ఎర్రబడిన చోట వ్రేలితో నొక్కి వదలండి. ఎరుపు క్షణకాలం పాలిపోకపోతే అది పుండుకు తొలిమెట్టు. నల్లని చర్మంలో ఎరుపు కనబడదు కనుక వేడి, గట్టిదనం, నొప్పి గమనించాలి. ఆ చోటుపై మరల బరువు పడనీయరాదు.

గాలిపరుపు మేలే గాని, దానిని నమ్మి ప్రక్కకు త్రిప్పడం మానరాదు.

చేయరానివి

అభ్యంగం మన వైద్యంలో ఉత్తమోపచారం. పొడిబారిన ఆరోగ్యకరమైన చర్మానికి కొబ్బరినూనె మృదువుగా పూయవచ్చు. కాని ఎర్రబడిన చోట మర్దన కూడదు. నలిగిన ధాతువులు మరింత చిట్లుతాయి. స్పిరిటు రుద్దడం, పౌడరు చల్లడం, మధ్యలో రంధ్రమున్న గుండ్రని దిండు వాడడం నేడు హితవు కాదు.

ఆహారం

జీర్ణశక్తిని బట్టి పెసరకట్టు, పాలు, మజ్జిగ, అలవాటున్నవారికి గ్రుడ్డు ఇవ్వాలి. మాంసకృత్తులు లేనిదే ధాతుపుష్టి లేదు. మూత్రపిండ వ్యాధి ఉన్నవారు మాత్రం వైద్యుని సలహా తీసుకోవాలి.

చర్మం చిట్లినా, నల్లబడినా, దుర్గంధం, జ్వరం కనిపించినా పసుపు, పసరులతో కాలయాపన చేయక వెంటనే వైద్యునికి చూపించండి. పుండు మాన్పడం కంటే రాకుండా కాపాడడమే సులభం. అది ఇంటివారి చేతిలోనే ఉన్నది.