జపాను పోవుచున్న మనుమరాలికి

చిరంజీవి మనుమరాలికి రంగమునుండి తాత ఆశీర్వదించి వ్రాయునది.

నీవు జపాను భాషాపరీక్షయందు ఉత్తీర్ణురాలవై, అచ్చటి వృద్ధాశ్రమమున సేవకు చేరుటకై పత్రములు సిద్ధపరచుకొనుచున్నావని మీ నాన్న చెప్పిన నాటినుండి కొన్ని మాటలు నా మనస్సున మెదలుచునే యున్నవి. ఎదుట కూర్చున్నచో నీవు నవ్వుదువు, నేను కరగిపోవుదును. అందుచేత కాగితము పట్టితిని.

పరదేశవాసము మన యింటికి క్రొత్త కాదు. మా తాత కోరంగి ప్రాంతమునుండి ఓడనెక్కి యీ యాంగోనునకు వచ్చిననాడు మనవారు దీనిని రంగమనెడివారు; ఇచ్చటివారు మనలను కోరంగీలనిరి. రేవులో బస్తాలు మోయుచు, మేస్త్రీ యిచ్చిన బయానా తీరువరకు మేస్త్రీ మాటయే శాసనముగా, ఆయన చూపిన యిరుకు గదియే లోకముగా బ్రదికిన ఆ కూలీలకు, తాము కాలు మోపిన నేల మాట్లాడు భాషను నేర్చుకొనుటకు తీరికయు లేదు, నేర్పువాడును లేడు. 1930 మే నెలలో రేవుకూలీలు కూలి పెంచుమని సమ్మె చేయగా, ఓడలవారు వారికి మారుగా బర్మీయులను పెట్టుకొని, సమ్మె తీరినంతనే ఆ బర్మీయులను పొమ్మనిరి. అవమానితుడైన పేదవాడు తన్ను పొమ్మన్న దొరను విడిచి, తనవంటి పేదవాడైన తెలుగువాని మీద పడెను. ఆ దినములందు తలుపునకు గడియ వేసికొని కూర్చున్న తాతకు, వీథిలోని కేకలు తన్ను చంపుమనుచున్నవో దాచుమనుచున్నవో తెలియలేదట. తెలియకపోవుటయే తన్నెక్కువ భయపెట్టినదని ఆయన పలుమారు చెప్పెను. తప్పు ఆయనదని నేననను. కాని ఆ గడియ వెనుక నీవు కూర్చుండరాదు.

మేస్త్రీ నేటికిని పోలేదమ్మా, దుస్తులు మార్చుకొన్నాడు. నిన్ను పంపు మధ్యవర్తికి చెల్లించు ప్రతి రూకకును రసీదు తీసికొనుము. అప్పుచేసి పోవలసివచ్చినచో ఎన్ని నెలల జీతముతో అది తీరునో పోకముందే లెక్కవేసికొనుము. జీతమున గదికెంత, భోజనమునకెంత కోయుదురో కరారుపత్రమున చదివిన తరువాతనే సంతకము పెట్టుము. నీ పాస్‌పోర్టును భద్రపరచెదమని ఎవరడిగినను ఈయవలదు. శిక్షణకై వచ్చిన విదేశీయుల పాస్‌పోర్టును తమయొద్ద నుంచుకొనుట ఆ దేశపు చట్టము నిషేధించినది. నివాసపు కార్డు మాత్రము బయటికి పోయినపుడెల్ల నీతోనే యుండవలెను.

చిన్ననాడు నీవు మన యూరి పాత బస్సుల ప్రక్కలపై చెరిపివేయని జపాను అక్షరములను చూచి, అవేమి ముగ్గులని నన్నడిగితివి. ఆ ముగ్గులు మనకంత దూరపువి కావని ఇప్పుడు నీకే తెలిసియుండును. వారి అక్షరమాల అ ఇ ఉ ఎ ఒ అని మొదలై, క స త న హ మ య ర వ అని నడచుట బౌద్ధులతో పోయిన సంస్కృత వర్ణక్రమపు చలువయే. వాక్యము చివర క్రియ నిలుచుట, నామము వెనుక విభక్తి వచ్చుట, పెద్దలకొక మాటయు పిన్నలకొక మాటయు నుండుట — ఇవియన్నియు తెలుగింట బర్మా నేలపై పెరిగినదానికి పుట్టుకతో వచ్చిన యాస్తి. ఇంటిపేరు ముందుంచుకొను అలవాటు సైతము వారిదియు మనదియు నొక్కటే. బర్మా పేర్లు పెట్టుకొని మనమిచ్చట జారవిడిచిన యింటిపేరును అచ్చటి వారెవరైన నడిగినచో, సందేహింపక చెప్పుము. భారతదేశపు బోధిసేనుడను భిక్షువు 736లో అచ్చట దిగి, 752లో నారా నగరమందలి తోదైజీ మహాబుద్ధునకు నేత్రోన్మీలనము చేసెను. ఆ విగ్రహపు కన్నులు తెరచిన కుంచె పరదేశి చేతిలోనిది.

చెప్పులు విడుచుట, తొట్టిలో దిగుటకు ముందే ఒడలు కడుగుకొనుట, చెత్తను రకములవారీగా వేరుచేయుట — ఇవి నాలుగు దినములలో పట్టుపడును. నేను భయపడునది వేరొకటి. ఎదుటివాని నొప్పింపరాదని తన నొప్పిని దిగమ్రింగు గుణమును ఇచ్చట ఆనాడె యందురు, అచ్చట ఎన్‌ర్యో యందురు. నీయందది పాలతోనే వచ్చినది. అర్థముకాని చోట తలయూపవలదు. నీ చేతులలో మందులు, మంచములు, మనుష్యులు ఉందురు. "నాకు తెలియలేదు, మరల చెప్పుడు" అనుటకు సిగ్గుపడినచో దాని ఫలము నీకు గాక మంచముపై నున్న ముసలిప్రాణికి తగులును. నీకు జ్వరము వచ్చినను, ఎవరైన పరుషముగా మాట్లాడినను, ఆ దినమే తగినవారితో చెప్పుము.

ఇక చెప్పలేక వెనుకకు నెట్టుచు వచ్చిన మాట. 1943లో నేను పుట్టునప్పటికే మా నాయనను జపాను సైనికులు, ఇచ్చటివారు చెమటదళమని పిలిచిన కూలీల గుంపులో చేర్చి, తన్‌బ్యూజయాత్ నుండి సయాము పోవు రైలుదారి పనికి తీసికొనిపోయిరి. 415 కిలోమీటర్ల ఆ దారి ఆ యేటి అక్టోబరులో ముగిసినది, ఆయన రాలేదు. మా అమ్మ బ్రదికినన్నాళ్లు జపాను గుడ్డ కట్టలేదు. నీ ప్రయాణమును విన్న రాత్రి నేనును నిద్రపోలేదు. వలదని చెప్పవలెనని తెల్లవారువరకు అనుకొంటిని. తరువాత లెక్కవేసికొంటిని: నీవు స్నానము చేయింపబోవు తొంబదియేండ్లవారు ఆనాడు పలక పట్టిన పిల్లలు. ఈ నేలమీద వారి సైనికులు లక్షకు మించి చనిపోయిరి; వారిలో ఎందరో ఆ పిల్లల తండ్రులు.

కావున ఏదో యొకనాడు ఒక ముసలామె నీ దేశమేదని యడుగును. మ్యన్మా యన్నచో ఆమెకు తెలియకపోవచ్చును. వారి పాతమాట బిరుమా. ఆ మాట విని ఆమె మౌనము వహించినచో, తొందరపడి వేరొక మాట యెత్తవలదు. చేతిలో పని యున్నను కొంచెము సేపు కూర్చుండుము. ఆమె తన తండ్రి పేరు చెప్పినచో నాకు వ్రాసి పంపుము. మా నాయనకు సమాధి లేదు; ఏటేట రంగం నదిలోనే తర్పణము విడుచుచున్నాను. ఆ యేడు ఒక దోసిలి అధికముగా విడుతును.

ఇట్లు,
ఆశీస్సులతో
తాత