ముండ్ల ఓక్

మధ్యధరా సముద్రతీర దేశములందలి రాతినేలలలో, స్పెయిన్ మొదలుకొని గ్రీసు వరకును, దట్టముగా పెరిగి బాటసారుల కాళ్లను గీరెడు పొద యొకటి కలదు. వేసవిలో చుట్టునుగల గడ్డి యెండిపోయినను దాని ఆకులు పచ్చగనే యుండును. తొలిసారి చూచినవాడు దానిని ఓక్ అని తలంపడు. ఓక్ అనగా మహావృక్షమని గదా అందఱి యెఱుక! అయినను ఇది నిజమైన ఓక్ జాతియే. 1753లో స్వీడను దేశీయుడగు లిన్నేయసు దీనికి క్వెర్కస్ కాక్సిఫెరా అని పేరిడెను.

దీనిని గుర్తించునపుడు ఎత్తును నమ్మరాదు. మేకలు చిగుళ్లను కొఱికివేయుచుండుటచే ఇది పొదగా నిలిచిపోవును. వాని బాధ లేనిచోట చెట్టు కూడ కాగలదు. ఆకుల అంచున నుండు ముండ్లును చాలిన గుర్తు కావు. హాలీ యను చెట్టునకును అట్టి ఆకులే కలవు. అయితే హాలీకి ఎఱ్ఱని చిన్నపండ్లు కాయును. దీనికి దొప్పలో కూర్చున్న ఓక్ కాయ కాయును. అసలు చిక్కు దీని సోదరజాతియగు క్వెర్కస్ ఐలెక్సుతో వచ్చును. అదియు సతతహరితమే, లేతవయస్సున దాని ఆకులకును ముండ్లుండును. అపుడు ఆకును తిరుగవేసి చూడవలెను. ఐలెక్సు ఆకు అడుగున బూడిదవన్నె నూగు కనబడును; దీని ముదురాకు రెండువైపులను నున్నగా నుండును. కాయదొప్పపై పొలుసులు గట్టిగా, ముండ్లవలె విచ్చుకొని యుండును. ఐలెక్సు పొలుసులు దొప్పకు అంటుకొని యుండును. ఐలెక్సు కాయ పూచిన యేటనే పండును. దీని కాయకు రెండవయేడు రావలెను.

కాక్సిఫెరా అనగా ఎఱ్ఱగింజలను ధరించునది. క్రీస్తు పూర్వము 4వ శతాబ్దిలో గ్రీకు పండితుడగు థియోఫ్రాస్టసు ఈ గింజను గూర్చి వ్రాసెను. ప్రజలు దానిని కోసి, యెండబెట్టి, ఉన్నికి శ్రేష్ఠమైన అరుణవర్ణము నద్దిరి. నిజమునకు అది గింజయే కాదు! కొమ్మ కంటుకొని, కదలక, బఠాణీవలె ఉబ్బిన ఆడు పురుగు. మన మోదుగుకొమ్మలపై లక్కపురుగు బ్రతుకు విధమును ఎఱిగినవారికి ఇది వింత గాదు. కంటికి గుండ్రముగా కనబడినంత మాత్రమున గింజ యని యెందఱో భ్రమపడిరి. అరబ్బులు మాత్రము దానిని కిర్మిజ్ అనిరి. ఆ మాటకు మూలమైన పారసీక శబ్దము మన కృమి శబ్దమునకు చుట్టమే. 16వ శతాబ్ది తరువాత మెక్సికోనుండి వచ్చిన మఱియొక పురుగురంగు దీని వ్యాపారమును దెబ్బతీసెను.

తూర్పుతీరమున, పాలస్తీనా ప్రాంతములలో, ఇట్టిదే పెద్దచెట్టుగా పెరుగును. 1838లో వెబ్ అను ఆంగ్లేయుడు దానికి క్వెర్కస్ కాలిప్రైనస్ అని వేఱుపేరు పెట్టెను. అది ప్రత్యేకజాతి యని కొందఱును, కాక్సిఫెరాలో ఉపజాతి మాత్రమే యని కొందఱును నేటికిని వాదించుచున్నారు. రెండింటికిని నడుమనుండు రూపములు పెక్కు దొరకుచున్నవి.